సైకిల్ వేగం మీది కాదు, కుక్కది

గత సంచికలో రాత్రంతా మొరిగే కుక్కల గురించి జవాబు రాస్తూ, మా కుక్క చుక్కను తొమ్మిదేళ్లపాటు రోజూ సైకిల్ పక్కన పరిగెత్తించానని, ఆ తొమ్మిదేళ్లలో అది ఒక్క చెప్పు కూడా కొరకలేదని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఇంతకు ముందు రాలేదు. చదువుతుంటే సంతోషం కంటే కలవరమే ఎక్కువైంది. రాసినవారిలో సగం మంది అప్పటికే మొదలుపెట్టేశారు. ఎలా పరిగెత్తించాలో చెప్పకుండా పరిగెత్తించానని మాత్రం చెప్పడం నా పొరపాటు. అందుకే పాలు తాగని దూడలు, గుడ్లు పెట్టని కోళ్లు ఒక్క నెల ఆగాలి. ఈసారి శీర్షిక మొత్తం సైకిల్‌కు, కుక్కకు కేటాయిస్తున్నాను.

*

ప్రశ్న: డాక్టరు గారూ, నేను అనంతపురంలో ఉపాధ్యాయుణ్ణి. మా జర్మన్ షెపర్డ్ మగకుక్కకు మూడేళ్లు, బరువు 34 కిలోలు. మీ జవాబు చదివిన మర్నాడే గొలుసును సైకిల్ హ్యాండిల్‌కు కట్టి బుక్కరాయసముద్రం చెరువు వైపు బయలుదేరాను. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు పిల్లి అడ్డం వచ్చింది. నేను కింద పడి మోచేయి చీరుకుపోయింది. కుక్కకు దెబ్బ తగలలేదు గాని, ఇప్పుడు సైకిల్‌ను చూస్తే గోడవారకు నక్కుతోంది. ఎక్కడ తప్పు చేశాను? జర్మనీలో ఈ జాతికి సైకిల్ పక్కన 20 కిలోమీటర్ల పరీక్ష ఉందని విన్నాను. మావాడికి అంత శక్తి ఉంటుందా?

జవాబు: మాస్టారూ, మీరు చేసిన తప్పే నేనూ చేశాను. అప్పుడు గుంతకల్లులో ఉద్యోగం, కొత్త సైకిల్, ఇంట్లో రాజు అనే కుక్క. గొలుసు హ్యాండిల్‌కు కట్టాను. కరెంటు స్తంభానికి నేను ఒక పక్క, రాజు ఇంకో పక్క వెళ్లాం. నా మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. రాజుకు ముందరికాలి గోరు మొదలంటా ఊడిపోయింది. పశువైద్యురాలిని అయ్యుండి ఆ కాలికి నా చేతులతో నేనే కట్టు కట్టాల్సి వచ్చినప్పుడు కలిగిన బాధ ఇంకా మరిచిపోలేదు.

హ్యాండిల్ ముందు చక్రాన్ని తిప్పే భాగం. కుక్క పక్కకు లాగిందంటే మీ చక్రాన్ని అది తిప్పినట్టే. 34 కిలోల కుక్క ఒక్క ఉదుటున లాగితే ఎంత బలమైన చేయి అయినా నిలవదు. గొలుసును మణికట్టుకు చుట్టుకోవడం ఇంకా ప్రమాదం, పడ్డాక కూడా అది మిమ్మల్ని వదలదు. కుక్క లాగే లాగుడు సైకిల్‌కు వీలైనంత కింద, వీలైనంత వెనుక తగలాలి. సీటు కింది గొట్టానికి గాని, వెనుక చక్రం ఇరుసుకు గాని బిగించే కడ్డీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటి చివర బలమైన స్ప్రింగు ఉంటుంది. కుక్క అదిరిపడి లాగినా ఆ ఊపును స్ప్రింగు మింగేస్తుంది, మీకు అందేది చిన్న కుదుపే. కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. కుక్క స్తంభానికి అవతలి పక్కకు వెళ్లిపోతే పట్టీ దానంతట అది ఊడివచ్చే కొక్కెం ఉండాలి. పట్టీ పొడవు ఎంత ఉండాలంటే, కుక్క ముందు చక్రానికి అడ్డం రాలేకపోవాలి, వెనుక చక్రం చువ్వల్లో కాలు పెట్టలేకపోవాలి. మా వీధి వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టంతో ఒకటి చేయించి చూశాను. బరువెక్కువ, స్ప్రింగు మొండి, ఊడే కొక్కెం లేదు. నెల తిరక్కుండా తీసేశాను. ఈ ఒక్క వస్తువు మీద డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

మెడ పట్టీకి కట్టవద్దు. మెడలో శ్వాసనాళం ఉంది, వెన్నుపూసలున్నాయి. పరుగులో ఒక్క గుంజు చాలు, అవి దెబ్బతినడానికి. ఒంటికి తొడిగే హార్నెస్ వాడండి. అందులోనూ భుజాలకు అడ్డంగా పట్టీ వచ్చేది వద్దు, అది ముందరికాళ్లను చాచనివ్వదు. రొమ్ము మీద ఆంగ్ల అక్షరం ‘వై’ ఆకారంలో కలిసేది తీసుకుంటే భుజాలు స్వేచ్ఛగా కదులుతాయి. తొడిగాక పట్టీకి ఒంటికి మధ్య రెండు వేళ్లు దూరాలి. చంకల కింద ఒరుసుకుపోతోందా అని మొదటి వారం రోజూ వెంట్రుకలు పాయ తీసి చూడండి.

కుక్క ఏ పక్కన ఉండాలని చాలామంది అడిగారు. మనం రోడ్డుకు ఎడమవైపు వెళ్తాం కాబట్టి కుక్క కూడా సైకిల్‌కు ఎడమనే, అంటే రోడ్డు అంచు వైపే ఉండాలి. వెనుక నుంచి వచ్చే లారీకి, కుక్కకు మధ్య మీరుండాలి. ఫోనులో చూసే జర్మనీ వీడియోల్లో కుక్క కుడివైపు పరిగెడుతుంది. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి అక్కడికి అది సరైనది. దాన్ని చూసి ఇక్కడ అలా చేస్తే కుక్కను తీసుకెళ్లి బస్సు పక్కన పెట్టినట్టే.

ఇక మీ కుక్క భయం. దాని లెక్కలో సైకిల్ అంటే మీద పడిన వస్తువు. మళ్లీ వారం పది రోజులు సైకిల్ ఎక్కకండి. వరండాలో స్టాండు వేసి నిలబెట్టి, దాని పక్కనే అన్నం గిన్నె పెట్టండి. వాసన చూసుకుంటుంది, అలవాటు పడుతుంది. తర్వాత మీరు సైకిల్‌కు కుడిపక్క, అది ఎడమపక్క ఉండి ఇద్దరూ నడవండి, సైకిల్‌ను తోసుకుంటూ వెళ్లండి. ఈ నడకలోనే మాటలు నేర్పాలి. నేను మూడే మాటలు నేర్పాను: ‘నెమ్మది’, ‘ఆగు’, ‘వదిలెయ్’. మూడోది పిల్లి కోసం, మేక కోసం, రోడ్డు మీద పడేసిన బిర్యానీ పొట్లం కోసం. నడకలో వినని మాట పరుగులో అసలు వినదు. ఆ మూడు మాటలూ వింటోందని మీకు గట్టి నమ్మకం కుదిరాకే, మనుషులు లేని మైదానంలో సైకిల్ ఎక్కి నడక వేగంతో రెండు చుట్లు తిరగండి.

20 కిలోమీటర్ల సంగతి మీరు విన్నది నిజమే. జర్మన్ షెపర్డ్ కుక్కలకు అలాంటి ఓర్పు పరీక్ష ఉంది. సైకిల్ పక్కన గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో 20 కిలోమీటర్లు పరిగెత్తాలి, మధ్యలో ఆపి విశ్రాంతి ఇచ్చి కాళ్లు పరీక్షిస్తారు. 16 నెలలు నిండని కుక్కను అందులోకి రానివ్వరు. ఆ కుక్కలు నెలల తరబడి తయారై వస్తాయి. పైగా అక్కడి వాతావరణం చల్లన. మీవాడు మూడేళ్లుగా డాబా మీద తిరిగినవాడు. వాడికి మొదటి వారం అర కిలోమీటరు చాలు. ముందు పది నిమిషాలు నడక, ఆ నడకలోనే మూత్రం, మలం అయిపోవాలి. తర్వాత అర కిలోమీటరు చిన్న పరుగు, మళ్లీ పది నిమిషాలు నడక. రోజు విడిచి రోజు చేయండి. కుక్క మర్నాడు ఉదయం లేచేటప్పుడు ఒళ్లు బిగుసుకోకుండా, కుంటకుండా లేస్తే వారానికి మరో అర కిలోమీటరు కలపండి. మూడు నెలలకు నాలుగైదు కిలోమీటర్లు చేరుకుంటే, ఇంట్లో ఉండే కుక్కకు అంతకంటే అవసరం లేదు. చుక్క ఏనాడూ ఆరు కిలోమీటర్లు దాటలేదు.

చిన్న పరుగు అన్నాను, దాని అర్థం చెప్పాలి. కుక్క కుడి ముందరికాలు, ఎడమ వెనుకకాలు కలిసి లేపి, తర్వాత ఆ రెండోజత లేపుతూ లయగా సాగే పరుగు అది. వీపు ఊగదు, తల నిలకడగా ఉంటుంది. కుక్క శరీరం ఎక్కువసేపు మోయగలిగింది ఈ పరుగునే. మీరు కాస్త జోరుగా తొక్కారంటే అది దౌడులోకి మారుతుంది, ముందరికాళ్లు రెండూ చాచి ఎగురుతుంది. దౌడు రెండు నిమిషాల సరదా, రోజువారీ వ్యాయామం కాదు. అందుకే మీ కళ్లు రోడ్డు మీద ఎంత ఉండాలో కుక్క కాళ్ల మీదా అంత ఉండాలి. కాళ్ల లయ మారిందా, మీరు బ్రేకు వేయండి.

మీ కుక్క జాతి గురించి మరో రెండు మాటలు. జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగా కూర్చోకపోవడం వంశంలో వస్తుంది. పరుగు మొదలుపెట్టే ముందు ఒక ఎక్స్‌రే తీయించండి. రెండోది, లోతైన ఛాతీ ఉన్న ఇలాంటి కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్న తర్వాత మూడు గంటల దాకా పరుగు వద్దు, పరుగయ్యాక రొప్పు పూర్తిగా తగ్గి ఒక గంట గడిచే దాకా అన్నం వద్దు. మీరు పడిన రోజున బడికి ఆలస్యమవుతుందని ముందే అన్నం పెట్టి బయలుదేరారేమో, ఉత్తరంలో రాయలేదు. అలా చేసి ఉంటే ఇక మానేయండి.

*

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, కర్నూలు నుంచి రాస్తున్నాను. మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు. కేసీ కెనాల్ గట్టు మీద మూడు కిలోమీటర్లు హాయిగా వస్తుంది. మార్చి వచ్చేసింది. ఎండాకాలంలో పూర్తిగా మానేయాలా, సాయంత్రానికి మార్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సాయంత్రానికి మార్చకండి. మన ఊళ్లలో సాయంత్రం ఆరింటికి సూర్యుడు దిగిపోయినా తారు రోడ్డు దిగిపోదు, పగలంతా తాగిన వేడిని రాత్రి ఎనిమిది దాకా కక్కుతూనే ఉంటుంది. గాలి వేడి 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడే నేరుగా ఎండ పడే తారు 50 డిగ్రీలు దాటుతుంది. ఇక కర్నూలులో 42 డిగ్రీలున్న రోజు ఆ తారు మీద చెప్పులు లేని కాళ్లతో మీరు ఒక్క అడుగు వేయగలరా? మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మధ్యలో చేయి తీసేయాల్సి వస్తే ఆ రోడ్డు మీద కుక్క నడవకూడదు, పరిగెత్తడం మాట అటుంచండి.

కాళ్లు కాలడం కంటికి కనిపిస్తుంది. లోపల కాగిపోవడం కనిపించదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, గాలి తగిలితే చల్లబడతాం. సైకిల్ తొక్కే మనిషికి ఎప్పుడూ ఎదురుగాలి ఉంటుంది కాబట్టి అంతా హాయిగానే తోస్తుంది. కుక్కకు చెమట అరికాళ్లలో కొద్దిగా పడుతుంది, అంతే. అది చల్లబడేదంతా నాలుక బయటపెట్టి రొప్పడం వల్లనే. ఒంటి మీద ఆ బొచ్చు, పక్కన సైకిల్, కింద వేడి నేల. మీకు హాయిగా ఉన్న ఉదయం దానికి హాయిగా ఉందని అనుకోవద్దు.

1998 ఏప్రిల్‌లో నేను కడప దగ్గర పనిచేస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు ఒకాయన ఆటోలో మూడేళ్ల కుక్కను తీసుకొచ్చాడు. సైకిల్ పక్కన ఆరు కిలోమీటర్లు పరిగెత్తించాడు. ఇంటి గేటు దాకా వచ్చి అక్కడ కూలిపోయింది. కుక్కకు మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. దానికి థర్మామీటరు పెడితే 108. చేయగలిగినదంతా చేశాం. మధ్యాహ్నానికి పోయింది. ఆయన బల్ల పక్కన నిలబడి ఒకే మాట పదేపదే అన్నాడు: ‘అది ఆగలేదమ్మా, నాతోపాటే వచ్చింది.’

ఆ మాటలో తప్పు లేదు, అది నిజం. కుక్క ఆగదు. గుర్రం మొరాయిస్తుంది, ఎద్దు కాడి కింద పడుకుంటుంది. మనిషిని నమ్మిన కుక్క ఊపిరి అందకపోయినా పక్కనే వస్తుంది. ‘అలసిపోతే అదే ఆగుతుంది’ అని ఈ నెల నాకు రాసినవారు కనీసం ఐదుగురు. ఆగదు, దయచేసి నమ్మండి. అలసటను మీరు చదవాలి. నాలుక చివర వెడల్పై చెంచాలా వంగితే లోపల వేడి పెరుగుతోందన్నమాట. ఎప్పుడూ మీకు సమంగా వచ్చే కుక్క అడుగు వెనకబడి పట్టీ బిగుస్తోందంటే అది చాలు అంటోంది. చొంగ తీగలుగా సాగడం, చిగుళ్లు ఇటుక రంగుకు తిరగడం, పిలిస్తే మీ వైపు చూడకపోవడం, కాళ్లు తూలడం, ఇవన్నీ అప్పటికే ఆలస్యమైన గుర్తులు.

ఆ గుర్తులు కనబడితే ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రికి బయలుదేరండి. నీడకు చేర్చి, దొరికిన మామూలు నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య, చంకల్లో ఆపకుండా పోయండి. ఫ్యానో, విసనకర్రో, అట్టముక్కో, గాలి తగలాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయవద్దు, అది కాసేపటికే వేడెక్కి లోపలి వేడిని బయటకు రానివ్వదు. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 103 చూపించగానే నీళ్లు పోయడం ఆపేయండి, లేకపోతే వేడి మామూలు కంటే కిందికి పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. మూత్రపిండాలకు తగిలిన దెబ్బ రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: మార్చి నెలాఖరు నుంచి జూన్ వానలు పడే దాకా తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి ఐదున్నరకు ఇంట్లో ఉండేలా, సగం దూరమే తీసుకెళ్లండి. రాత్రంతా ఉక్కపోసి తెల్లవారినా చల్లబడని రోజున సైకిల్ తీయనే వద్దు. కెనాల్ గట్టు మట్టిదే కాబట్టి కాళ్లకు మంచిది. సీసాలో నీళ్లు, ఒక చిన్న గిన్నె వెంట ఉండాలి, పది నిమిషాలకోసారి ఆపి నాలుగు గుక్కలు తాగించండి. కాలువలోకి దిగనివ్వకండి. నీళ్లు చూస్తే లాబ్రడార్‌ను ఆపడం కష్టం, ప్రవాహం దాన్ని ఎక్కడికి తీసుకెళ్తుందో మనకు తెలియదు.

*

ప్రశ్న: కడప నుంచి ఒక తల్లిని. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆరు నెలల లాబ్రడార్ పిల్లను సైకిల్ పక్కన పరిగెత్తిస్తానని పట్టుబడుతున్నాడు. మీరు చెబితే వింటాడు.

జవాబు: బాబూ, నీకే రాస్తున్నాను. నీ కుక్కపిల్ల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఉంది. అది పెరిగేది అక్కడి నుంచే. ఇప్పుడు నేల మీద ఒకే లయలో వందల సార్లు కాళ్లు కొట్టుకుంటే ఆ పొర దెబ్బతిని కాలు వంకరపోవచ్చు. నీ కుక్కకు 18 నెలలు నిండేదాకా ఆగు. ఇంకో ఏడాది. ఈ ఏడాదిలో నువ్వు చేయాల్సిన పని చాలా ఉంది. మాస్టారుకు రాసిన జవాబులో మూడు మాటలున్నాయి, వాటిని నేర్పు. సైకిల్‌ను తోసుకుంటూ పక్కన నడిపించు. పెరట్లో వదిలి దాని ఇష్టానికి ఉరకనివ్వు, అలసిపోతే అదే పడుకుంటుంది. తనంతట తాను ఆడుకునేటప్పుడు కుక్కపిల్ల ఆగుతుంది, నీ వెంట వచ్చేటప్పుడే ఆగదు. ఏడాది తర్వాత కూడా పెద్దవాళ్లు తోడు ఉన్నప్పుడే, బండ్లు తిరగని చోటే. పెరిగిన లాబ్రడార్ 30 కిలోలు ఉంటుంది. నీ బరువెంత?

*

ప్రశ్న: ఆదోని దగ్గర పల్లెటూరు మాది. ముధోల్ వేటకుక్క ఉంది, రెండేళ్లది. సైకిల్ పక్కన పరుగంటే ప్రాణం. కాని మేకల మంద కనబడితే నన్నూ సైకిల్‌నూ కలిపి ఈడ్చుకుపోతుంది. ఏం చేయాలి?

జవాబు: మీ కుక్క తప్పేమీ లేదు. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతంలో తరతరాలుగా కంటితో వేటను పట్టే పనికి పెంచిన జాతి అది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల వేసింది, తర్వాత సైన్యం కూడా శిక్షణకు తీసుకుంది. చాలా కుక్కలు వాసన పట్టి ఆలోచిస్తాయి, ఇది కదలికను చూసి ఆలోచించకుండా దూకుతుంది. అరిచి కొట్టి ఆ గుణాన్ని మార్చలేరు.

మంద బయలుదేరే వేళ మీకు తెలిసే ఉంటుంది. అంతకంటే ముందే ఇంటికి చేరండి. దారిలో ఎదురైతే మంద దూరంగా ఉండగానే దిగిపోండి. సైకిల్ పడుకోబెట్టి కుక్కను దగ్గరకు తీసుకుని, మందకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఇష్టమైన తిండి ముక్క ఇవ్వండి. మంద కనబడితే మా మనిషి దిగుతాడు, నాకు ముక్క దొరుకుతుంది అని నెల రోజుల్లో నేర్చుకుంటుంది. నేర్చుకోకపోతే మీది కంచె ఉన్న తోటలో పరుగెత్తాల్సిన కుక్క, సైకిల్ పక్కన కాదు. ఇంకో సంగతి. దీని శరీరం మెరుపులా పరిగెత్తడానికి తగినది. ఒంటి మీద కొవ్వు లేదు, చర్మం పలుచన, సర్కారు తుమ్మ కంప తగిలితే గుడ్డలా చిరుగుతుంది. కంపచెట్ల సందుల్లోంచి తీసుకెళ్లకండి.

కంప అంటే గుర్తొచ్చింది. మన చేల గట్ల మీద పల్లేరు కాయలు సైకిల్ ట్యూబును, కుక్క అరికాలిని ఒకే తీరుగా గుచ్చుతాయి. నాకు పంక్చర్ పడిన రోజున ముందు చుక్క కాళ్లు చూసేదాన్ని, తర్వాతే టైరు. ప్రతి పరుగు తర్వాత వేళ్ల సందులు విప్పి చూడండి. అప్పుడే చెవుల వెనుక, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో కూడా చూడండి. నిన్నటిదాకా మూడు కిలోమీటర్లు వచ్చిన కుక్క ఇవాళ కిలోమీటరుకే వెనకబడుతోందంటే, చిగుళ్లు పాలిపోయాయంటే, అది సోమరితనం కాదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. రక్తపరీక్ష చేయించండి.

*

ప్రశ్న: ప్రొద్దుటూరు వాణ్ణి. అన్నీ బాగానే ఉన్నాయి గాని మా వీధి చివర ఆరేడు కుక్కలు ఉన్నాయి. సైకిల్ కనబడగానే మీదికి వస్తున్నాయి. జోరుగా తొక్కి తప్పించుకోవచ్చా?

జవాబు: వద్దు. జోరు పెంచారంటే వాటికి తరమాలన్న కోరిక ఇంకా పెరుగుతుంది. పైగా మీ కుక్క కట్టి ఉంది, పారిపోలేదు, తిరగబడలేదు. దూరంగా ఉండగానే దిగండి. సైకిల్‌ను వాటికీ మీ కుక్కకూ మధ్య అడ్డంగా పెట్టి, వాటి కళ్లలోకి చూడకుండా నడిచి దాటండి. వీధికుక్కకు తన హద్దు ముఖ్యం. ఆ హద్దు దాటగానే చాలావరకు అది వెనక్కు మళ్లుతుంది. నేను ఒక పని చేశాను, మీరూ చేసి చూడండి. పదిహేను రోజులు చుక్క లేకుండా ఒంటరిగా అదే దారిలో నడిచి, వాటికి రోజూ తలా ఒక బిస్కట్టు వేశాను. తర్వాత చుక్కతో వెళ్తే రెండు మాత్రం మొరిగాయి, మిగతావి లేవనైనా లేవలేదు. ఆ దారిని వదిలేసే వీలుంటే అదే మేలు.

మీ కుక్కకు ఏటా రేబీస్ టీకా వేయించకుండా వీధిలోకి తీసుకెళ్లవద్దు. మీకు పన్ను గీటు పడినా సరే, వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో టీకా మొదలుపెట్టండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. మీ కుక్కను కరిస్తే, దానికి అంతకు ముందు టీకా పడి ఉన్నా మళ్లీ వేయించాలి.

*

ప్రశ్న: తాడిపత్రి నుంచి. నాకు సైకిల్ లేదు. మోటారు సైకిల్ నెమ్మదిగా నడుపుతూ పక్కన పరిగెత్తించవచ్చా?

జవాబు: కూడదు. సైకిల్ తొక్కితే మీ కాళ్లూ అలసిపోతాయి, అలసట అంటే ఏమిటో మీ ఒంటికి గుర్తుంటుంది. మోటారు బండి మీద ఆ గుర్తు ఉండదు. కుక్క ముక్కు పక్కనే పొగగొట్టం, కాలిపోయే ఇంజను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును శక్తికి మించి తోలడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడాన్ని కూడా అదే సెక్షన్ నేరంగానే చూస్తుంది. మీరు కుక్కను కదిలించాలని అనుకోవడం మంచిదే. నడవండి.

*

ప్రశ్న: ఎమ్మిగనూరు నుంచి. మా పగ్‌ను రోజూ ఒక కిలోమీటరు పరిగెత్తించవచ్చా?

జవాబు: పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు సైకిల్ పరుగు ఏ కాలంలోనూ వద్దు. చల్లబడటానికి కావలసిన గాలి ఆ ముక్కులో పట్టదు. ఉదయం పూట నీడలో ఇరవై నిమిషాల నడక సరిపోతుంది.

*

ప్రశ్న: అమ్మా, నేను అనంతపురంలోనే ఉంటాను, పదవీ విరమణ చేసినవాణ్ణి. మా కుక్కకు పదేళ్లు. ఆరేళ్లుగా నా సైకిల్ పక్కన విశ్వవిద్యాలయం వైపు వచ్చేది. ఈమధ్య వెనుక కాళ్లు ఈడుస్తోంది. మానేద్దామని సైకిల్ తీయడం ఆపేస్తే, సైకిల్ దగ్గర కూర్చుని నా వైపు చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేకపోతున్నాను. మెల్లగా తీసుకెళ్లమంటారా?

జవాబు: అన్నా, పరుగు మాత్రం ఆపేయండి. కీళ్లు అరిగిన కుక్క ఆ రోజు సంతోషంగానే పరిగెడుతుంది, రాత్రికి లేవలేక మూలుగుతుంది. ఒకసారి డాక్టరుకు చూపించి నొప్పి ఎంత ఉందో తెలుసుకోండి. మనుషుల నొప్పి మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి, వాటిలో కొన్ని కుక్కల ప్రాణం తీస్తాయి. బరువు పెరిగి ఉంటే తగ్గించండి, కీళ్లకు అంతకంటే మంచి మందు లేదు.

సైకిల్‌ను మాత్రం దాని కళ్లముందు నుంచి తీసేయకండి. చుక్కకు ఇప్పుడు పన్నెండేళ్లు. పరుగు ఆపి ఏడాదిన్నర అయింది. మొదటి నెల మీ కుక్కలాగే అదీ సైకిల్ దగ్గర కూర్చుని చూసేది. ఒక రోజు నేను సైకిల్ తీసి, ఎక్కకుండా తోసుకుంటూ బయలుదేరాను. చుక్క ఎప్పటిలాగే ఎడమపక్కకు వచ్చి నిలబడింది. నేను ఎక్కలేదన్న సంగతి దానికి పట్టినట్టు లేదు. ఇప్పుడు రోజూ ఉదయం ఐదున్నరకు, హార్నెస్ తొడిగి, సీసాలో నీళ్లు పెట్టుకుని, మా వీధి చివరి వేపచెట్టు దాకా సైకిల్ తోసుకుంటూ వెళ్తాం. అక్కడ చుక్క కాసేపు పడుకుంటుంది. నేను సైకిల్‌కు స్టాండు వేసి, దాని కాళ్లలో ముళ్లున్నాయేమో చూస్తాను.